నీరొత్తాది, పోతాది

పదకొండున్నర అయింది, నిద్ర పట్టట్లేదు. ఈయన ఎప్పుడో పడుకున్నారు, అత్తయ్య గదిలో ఫ్యాన్ చప్పుడు ఒక్కటే. పొద్దున బోట్లు అమ్మే అతను ఫోన్లో అన్న మాట ఇంకా చెవిలోంచి పోవట్లేదు. "మేడమ్, సార్ ఉంటే ఒకసారి ఇస్తారా?"

విశాఖ సముద్రంలో తిరగడానికి చిన్న బోటు కొనేది నేను. డబ్బులు నా చీటీ డబ్బులు. ఈయనకి బీచ్ రోడ్డు మీద నడవడం తప్ప సముద్రంతో పనిలేదని మీకు తెలిసిందే. అయినా ఇచ్చా ఫోను, ఎందుకిచ్చానో, అదే ఇప్పుడు కుదురుగా ఉండనివ్వట్లేదు. నేను అడిగింది ఒక్కటే ప్రశ్న: మన దగ్గర జెట్టీ లేదు, ఇసకలోంచే దింపాలి, కెరటాలు విరిగేచోటు దాటించి దీన్ని లోపలికి ఎలా తీసుకెళ్లాలి అని. దానికి జవాబు రాలేదు. ఎంతమంది కూర్చోవచ్చు, ఎన్ని హెచ్‌పీ, పాటల సిస్టం పెట్టించుకోవచ్చు, ఏ సీజన్లోనైనా బేఫికరు అని ఈయనకి చెప్పుకుంటూ పోయాడు. తర్వాత ఒక వీడియో పంపాడు, ఏదో చెరువు, అల అన్నదే లేదు. ఏ సీజన్లోనైనానట! 2020 అక్టోబర్‌లో వాయుగుండం వచ్చినప్పుడు బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎంవీ మా’, అంత పెద్దది, తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకొచ్చి కూలబడింది, ఊరంతా వెళ్లి చూశాం కదా. ఆ సముద్రంలోకే కదా నేను దిగేది, ఆ మాత్రం ప్రశ్నకి జవాబు చెప్పాలా వద్దా?

సరే. నిన్నటిదాకా నా మనసు మోటారు బోటు మీదే ఉంది, పద్నాలుగడుగుల ఫైబరుది. ఎందుకంటే నాకు భయం తెల్లారగట్ల గాలికి. ఆ వేళప్పుడు గాలి ఒడ్డు మీంచి లోపలికి వీస్తుంది, ఒడ్డు దగ్గర నీళ్లు నిమ్మళంగా కనిపిస్తాయి, ఎంత బావుందో అనుకుంటూ తెడ్డు వేసుకుపోతే వెనక్కి తిరిగేసరికి ఒడ్డు చాలా దూరం అయిపోయుంటుంది, అప్పుడు గాలికి ఎదురు తెడ్డు వెయ్యాలి. మోటారుంటే ఆ బాధ లేదు అనుకున్నా. కానీ ఇంజనొక్కటే నలభై కిలోల దాకా ఉంటుంది, దిగిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి లేకపోతే ఉప్పు తినేస్తుంది. బోటుతో కలిపి ఇసకలో లాగడం నా వల్ల, చిన్నోడి వల్ల అయ్యే పనేనా?

పొద్దున రుషికొండ బీచ్‌లో పావుగంట కయాక్ వేశా, తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ. పైన కూర్చునే రకం, ప్లాస్టిక్‌ది. కెరటం ఒకటి ఒళ్లోకి వచ్చిపడింది, భయపడి కిందకి చూస్తే అడుగున బెజ్జాల్లోంచి ఆ నీళ్లు వాటంతటవే గుడగుడమని దిగిపోతున్నాయి. హాయిగా అనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది తెప్ప. నాకు తొమ్మిదో పదో, నాన్న పోర్టులో ఉన్న రోజులు, పెదజాలరిపేటలో ఆయనకి తెలిసిన జాలరి తాత ఒకాయన ఉండేవాడు. తాళ్లతో కట్టిన నాలుగు దుంగలు, అంతే తెప్పంటే. నన్ను మధ్యలో కూర్చోబెట్టి తాను మోకాళ్ల లోతు నీళ్లలో తెప్ప పట్టుకుని నిలబడ్డాడు. నేను పద పద అంటుంటే ఆయన వినడే, కెరటాల వంకే చూస్తున్నాడు, పెద్దవి వరసగా వచ్చి పోయాయి, తర్వాత కాస్త సద్దుమణిగింది, అప్పుడు ఒక్క తోపు తోసి ఎక్కాడు. ముక్కు తిన్నగా కెరటానికి ఎదురే, కొంచెం కూడా పక్కకి తిరగనివ్వలేదు, తిరిగితే దొర్లించేస్తుందట. దుంగల సందుల్లోంచి నీళ్లు వచ్చి నా గౌను తడిసిపోయింది, మునిగిపోతున్నాం అని ఏడుపు మొదలెట్టా. "మునగదమ్మా, నీరొత్తాది, పోతాది" అన్నాడు, తెడ్డు ఆపకుండానే. తిరిగొచ్చాక తాళ్లు విప్పేసి దుంగలు విడివిడిగా ఎండలో పడేశాడు, నీళ్లు పీల్చుకుని బరువెక్కకుండా. ఆ తడి చెక్క వాసన, చేపల వాసన కలిసి రెండ్రోజులు చేతులకి ఉండిపోయింది.

ఇది రాస్తుంటే తెలుస్తోంది, నాక్కావలసింది అదే. పదడుగుల కయాక్, ఇరవై పాతిక కిలోలు, చిన్నోడూ నేనూ చెరో కొస పట్టుకుంటే చాలు. గాలి భయం పోలేదు, నిజమే. అందుకే ముందు భీమిలిలో, గోస్తనీ సముద్రంలో కలిసేచోటుకి పైన, నదిలో నేర్చుకుంటా. లైఫ్ జాకెట్ లేకుండా దిగేది లేదు. పోర్టు పక్కనుండే డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు అసలే వద్దు, ఓడలు, నేవీ. సముద్రంలోకి జనవరి తర్వాతే, తుపాన్ల రోజులు పోయాక.

కానీ ఇద్దరు కూర్చునేది తీసుకుంటే చిన్నోడు ఎదురుగాలిలో సాయం పడతాడు కదా? అది పన్నెండడుగులు దాటుతుంది, బరువూ పెరుగుతుంది. వాడు వచ్చే ఏడాది ఇక్కడ ఉంటాడో లేదో.

ఇందాక అత్తయ్య కుట్టుమిషను టేపు తెచ్చి మెట్ల మలుపు కొలిచా. పదడుగులది నిలబెడితే తిరుగుతుంది, పన్నెండుది తిరగదు. ఆ బోట్ల అతనికి రేపు నేనే ఫోన్ చేస్తా, ఈసారి ఎవరికీ ఇవ్వను.