నల్లరేగడిలో పునాది: నా అనుభవం

మా పాత ఇంట్లో కిటికీ మూలల నుంచి గోడల మీదికి ఏటవాలుగా బీటలు పాకేవి. ఎండాకాలంలో వాటిలో వేలు దూరేది. వానలు పడ్డాక సగం మూసుకుపోయేవి. సిమెంటుతో పూడ్చిన ప్రతిసారీ ఆ పక్కనే మరొకటి విచ్చుకునేది. ఇదంతా కింద ఉన్న నల్లరేగడి చేస్తున్న పని అని కొత్త ఇల్లు తలపెట్టేదాకా నాకు తెలియలేదు.

ఈసారి ముందుగా మట్టి పరీక్ష చేయించాను. ఎండబెట్టి జల్లించిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేసి, ఒకదానిలో నీరు, రెండోదానిలో కిరోసిన్ పోసి 24 గంటలు కదపకుండా ఉంచారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కాబట్టి రెంటికీ ఉన్న తేడాయే పొంగుడుకు కొలత. మరునాడు నీటి జాడీలోని మట్టి దాదాపు రెట్టింపు ఎత్తున కనిపించినప్పుడు, మా గోడలను ఇన్నేళ్లూ ఎత్తి దించినది ఏమిటో కళ్లారా చూసినట్టయింది. మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం తన పొరల మధ్యకు నీటిని లాక్కోవడమే ఈ పొంగుకు కారణమని ఇంజనీరు గారు వివరించారు.

"ఆరడుగులు తవ్వి ఇసుక నింపితే చాలండీ" అన్నారు మేస్త్రీ గారు. చుట్టూ నీరు ఇంకని బంకమట్టి ఉండగా మధ్యలో ఇసుక నింపితే, ఆ గుంత వాననీటిని తొట్టిలా పట్టి ఉంచి పునాది అడుగునే తడుపుతుందని ఇంజనీరు గారు చెప్పాక ఆ ఆలోచన మానుకున్నాం.

చివరకు అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండి నేలలోకి లోతుగా దిగే కాంక్రీటు స్తంభాలు, వేయించాం. తేమ రుతువులతో పాటు మారేది పైపొరలోనే గనుక, 3.5 మీటర్లకు తగ్గకుండా బోరు దింపి, అడుగున దాని వ్యాసానికి రెండున్నర రెట్ల వెడల్పుతో గుండ్రంగా తొలిచి కాంక్రీటు పోస్తారు. పైమట్టి పొంగి పైల్‌ను పైకి లాగినా ఆ ఉబ్బెత్తు భాగం పట్టి ఆపుతుంది. ఆ లాగుడును తట్టుకోవడానికే కడ్డీలు పైనుంచి కిందిదాకా ఉండాలి.

అన్నిటికంటే నేను పట్టుబట్టింది బీమ్ కింది ఖాళీ విషయంలో. పైల్స్‌ను కలిపే బీమ్‌కూ నేలకూ మధ్య కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. లేకపోతే పొంగిన మట్టి బీమ్‌ను నేరుగా ఎత్తుతుంది, పైల్స్‌కు పెట్టిన ఖర్చంతా వృథా అవుతుంది. ఇసుక పరచి దానిమీద బీమ్ పోసి, గట్టిపడ్డాక ఇసుక లాగేయాలన్నది ఏర్పాటు. నేను లేని రోజున ఒక వైపు ఇసుక తీయకుండానే పక్క మట్టి పూడ్చేశారు. పూడ్చింది మళ్లీ తవ్వించి, ఆ ఖాళీలోకి మట్టి జారకుండా పక్కన ఇటుకలు నిలబెట్టించాను.

ఇంటి చుట్టూ నీరు బయటికి జారేలా వాలు గచ్చు వేయించి, చెట్లను దూరంగా నాటాం.

మొదటి వానాకాలం ముగిశాక ఒక ఇటుక తీసి, గుర్తు గీసిన పుల్లతో ఆ ఖాళీని కొలిచాను. నేల రెండు వేళ్ల మందం పైకి వచ్చింది, బీమ్‌ను మాత్రం తాకలేదు.