అమరావతి రాళ్ల కోసం కలకత్తా వెళ్లాం

మా నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా గోదావరి జిల్లా హైస్కూళ్లలో సోషల్ పాఠాలు చెప్పారు. ఆయన పుట్టిన ఊరికి అమరావతి దగ్గర. చిన్నప్పుడు తాతయ్యతో ఎడ్లబండి మీద అమరేశ్వరుడి గుడికి వెళ్లారట. పక్కనే ఉన్న దీపాలదిన్నె, అంటే పాత బౌద్ధస్తూపం దిన్నె, చూసి "ఇంతేనా స్తూపం?" అని అడిగితే, "మిగతాది దొరలు పట్టుకుపోయార్రా. కొంత మద్రాసులో ఉంది, కొంత లండన్‌లో, కొంత కలకత్తాలో" అన్నాడట తాతయ్య. మద్రాసు వాటాని ఎగ్మూరు మ్యూజియంలో చాలాసార్లు చూశారు. లండన్ వాటాని మా తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు చూశారు. కలకత్తా వాటా మిగిలిపోయింది. పోయిన సంక్రాంతి ముందు, డెబ్బై రెండో ఏట, భోజనం చేస్తూ "అమ్మాయ్, ఒకసారి కలకత్తా వెళ్లొద్దామా?" అన్నారు. ఆ రాత్రే టికెట్లు తీశాను.

అర్ధరాత్రి దాటాక రాజమండ్రిలో రైలెక్కాం. మర్నాడు మధ్యాహ్నానికి ఖరగ్‌పూర్ వచ్చింది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫాం ఇదేనని, కిలోమీటరు దాటి ఉంటుందని నాన్నగారు చెబుతున్నారు. ఇంతలో కిటికీ బయట "ఒరేయ్, పెద్ద సంచీ మర్చిపోకురా!" అని అరుపు వినిపించింది. అచ్చమైన శ్రీకాకుళం యాస. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి. బెంగాల్లో దిగకముందే తెలుగు వినపడేసరికి నాకు సగం టెన్షన్ తగ్గింది.

హౌరాలో దిగేసరికి చీకటి పడుతోంది. బయట ఒక టాక్సీ ఆయన మామూలు ధరకి మూడింతలు అడిగాడు. మేం మాట్లాడకుండా మెట్రో వైపు నడిచాం. ఎంత మంచి పని చేశామో లోపలికి వెళ్లాక తెలిసింది. ఎస్కలేటర్ దిగుతూనే ఉంటుంది, ఇంకా కింద ఇంకోటి ఉంటుంది. ఆ స్టేషన్ నేలకి ముప్పై మీటర్ల కింద ఉంది. 2024 మార్చిలో మొదలైన ఈ లైను హుగ్లీ నది అడుగు నుంచి వెళుతుంది. నది కిందకి రాగానే సొరంగం గోడల మీద నీలం దీపాలు కనిపిస్తాయి, ముక్కాల్ నిమిషంలో అవతలి ఒడ్డు. ఆ కాసేపూ పెట్టెలో అందరూ కిటికీలకి అతుక్కుపోయారు, రోజూ తిరిగేవాళ్లు కూడా. దేశంలో మొదటి మెట్రో 1984లో నడిచింది ఈ ఊళ్లోనే. ఎస్ప్లనేడ్‌లో దిగి, దగ్గర్లో తీసుకున్న గదికి నడుచుకుంటూ వెళ్లిపోయాం.

కలకత్తా వెళ్లేవాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే. తెల్లవారుజామున లేవండి. ఆదివారం ఐదున్నరకల్లా హౌరా బ్రిడ్జి కింద మల్లిక్ ఘాట్ పూలమార్కెట్‌లో ఉన్నాం. కడియం పూలమార్కెట్ చూస్తూ పెరిగినదాన్ని, నాకు పూలమార్కెట్ కొత్త కాదు. అయినా ఆ రద్దీ చూసి ఒక పక్కన నిలబడిపోయాను. తాళ్లలా చుట్టలు చుట్టిన బంతిదండలు, మనిషి నడుమంత లావు ఉన్నాయి. ఒక్కొక్కరు పాతిక ముప్పై దండలు మెడ మీద వేసుకుని బేరం ఆడుతున్నారు. మనం లిల్లీ అనే పూలని వాళ్లు రజనీగంధ అంటారు. నెత్తిన బుట్టతో వచ్చేవాడు ఆగడు, మనమే తప్పుకోవాలి. కాళ్ల కింద బురదా, నలిగిన పూలూ కలిసి జారుతుంటాయి, మంచి చెప్పులు వద్దు. నాన్నగారిని చేయి పట్టుకుని మెట్ల దాకా తీసుకెళ్లాను. అక్కడ జనం నదిలో స్నానాలు చేస్తున్నారు, పక్కనే కుస్తీ పట్టేవాళ్లు నూనె రాసుకుంటున్నారు, పైన పొగమంచులో బ్రిడ్జి సగమే కనిపిస్తోంది.

ఆ బ్రిడ్జి 1943లో తెరిచారు. ఇరవై ఆరు వేల ఐదు వందల టన్నుల ఉక్కు, చాలావరకు టాటా వాళ్లది, నట్లూ బోల్టులూ లేకుండా రివిట్లతో కలిపారు. నది మధ్యలో ఒక్క స్తంభం లేదు. గోదావరి మీద వరసగా స్తంభాలున్న బ్రిడ్జిలు చూసి పెరిగిన మాకు అదే ఆశ్చర్యం. దాన్ని బాగా చూడాలంటే పైన నడవడంకంటే కింద లాంచీలో వెళ్లడం మేలు. హౌరా ఘాట్ నుంచి బాగ్‌బజార్ వైపు వెళ్లే లాంచీ టికెట్టు టీ డబ్బులంత. బ్రిడ్జి నీడ మన మీద నుంచి దాటిపోయేటప్పుడు పైన బస్సుల చప్పుడు ఉరుములా వినిపిస్తుంది.

టీ అంటే గుర్తొచ్చింది. అక్కడ టీ మట్టి పిడతలో ఇస్తారు, భాఁడ్ అంటారు. పిడత చిన్నది, రెండు గుక్కలు. నాన్నగారు రోజుకి ఆరేడు తాగారు, డాక్టరు మాట పక్కన పెట్టి.

లాంచీ దిగి కుమార్‌టులికి నడిచాం. పేరులోనే ఉంది, మన మాటలో చెప్పాలంటే కుమ్మరివీధి. దుర్గమ్మ విగ్రహాలకి ఈ వీధే పేరుపొందింది. కలకత్తా దుర్గాపూజని యునెస్కో 2021 డిసెంబరులో తన జాబితాలో చేర్చింది కూడా. మేం వెళ్లింది జనవరి కాబట్టి వసంత పంచమి పని జోరుగా సాగుతోంది. సందు నిండా సరస్వతులే. కొన్ని ఇంకా వెదురుబద్దకి కట్టిన వరిగడ్డి బొమ్మలు, తలలు లేవు. కొన్నిటికి మట్టి మెత్తారు, తడి ఆరలేదు. కొన్ని తెల్లరంగు వేసుకుని కళ్ల కోసం ఎదురుచూస్తున్నాయి. కళ్లు చివర్న దిద్దుతారు. ఒక పెద్దాయన గడ్డికి పురికొస చుడుతూ మమ్మల్ని చూసి నవ్వారు. నాకు బెంగాలీ రాదు, ఆయనకి తెలుగు రాదు. రెండు రకాల మట్టి చూపించారు. ఒకటి జిగురుది, లోపలి పొరకి. ఇంకొకటి ఇసక కలిసింది, పై నునుపుకి. వేళ్ల మధ్య నలిపి నా చేతిలో పెట్టారు. ఫొటోలు తీసేముందు అడగండి, వాళ్లు పనిలో ఉంటారు, సందు చాలా ఇరుకు. అక్కడ గంటన్నర ఉన్నాం. ఇంకా ఉండాల్సింది.

సోమవారం పొద్దున్నే తయారై ఇండియన్ మ్యూజియం దగ్గరికి వెళితే గేటు మూసి ఉంది. సోమవారం సెలవు, నేనే చూసుకోలేదు. నాన్నగారి ముఖం చూడలేకపోయాను. ఆయనే "రాళ్లెక్కడికీ పోవులే, రెండు వందల ఏళ్లుగా ఉన్నాయి" అన్నారు. అలా ఆ రోజు కాలేజ్ స్ట్రీట్‌కి దక్కింది.

ఆదివారం వెళ్లకపోవడమే మంచిదయింది, ఆ రోజు కొట్లు చాలావరకు తెరవరు. రోడ్డుకి రెండు వైపులా, ప్రెసిడెన్సీ యూనివర్సిటీ గోడకి ఆనుకుని, పుస్తకాల కొట్లు మొదలైతే చూపు ఆనినంత దూరం అవే. కొట్టు అంటే చెక్క అల్మరా అంత. లోపల మనిషి కూర్చోవడానికి చోటుండదు, చుట్టూ పుస్తకాలే గోడలు. ఏ పుస్తకం అడిగినా వెతక్కుండా చెయ్యి పెట్టి తీస్తారు. తమ దగ్గర లేకపోతే నాలుగు కొట్ల అవతలికి కేకేసి తెప్పిస్తారు. నాన్నగారు బెంగాల్ చరిత్ర మీద పాత ఇంగ్లీషు పుస్తకాలు నాలుగు కొన్నారు. కలకత్తా యూనివర్సిటీ గేటు దగ్గర ఆగి, 1921లో మన రాధాకృష్ణన్ గారు ఫిలాసఫీ ప్రొఫెసరుగా వచ్చి చేరింది ఇక్కడికేనని చెప్పారు. తనే ఆయన దగ్గర చదువుకున్నంత గర్వం ఆ గొంతులో.

కాఫీహౌస్ మెట్లెక్కాం. ఎత్తైన కప్పు, పొడవాటి ఊచలకి వేలాడే ఫ్యాన్లు, తలపాగా పెట్టుకున్న సర్వర్లు. కాఫీ మన ఫిల్టర్ కాఫీలా ఉంటుందనుకుంటే నిరాశే. అక్కడికి వెళ్లేది మాటల కోసం. ప్రతి బల్ల దగ్గరా వాదన నడుస్తోంది, గంటల తరబడి కూర్చున్నా లెమ్మనేవాళ్లు లేరు. నాన్నగారు అక్కడే నాకు కావలి సోదరుల కథ పూర్తిగా చెప్పారు. ఏలూరు వాళ్లు. అమరావతి స్తూపం సంగతి లోకానికి తెలియజేసిన కల్నల్ మెకంజీ దొర దక్షిణాదంతా సర్వే చేస్తూ ఊరూరా శాసనాలూ, కైఫీయతులూ (ఊళ్ల చరిత్రలు) పోగుచేయించాడు. ఆ పని నిజంగా చేసింది కావలి బొర్రయ్య, ఆయన 1803లో చిన్న వయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య. ఇంకో తమ్ముడు రామస్వామి దక్కను కవుల గురించి ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1829లో ఈ కలకత్తాలోనే అచ్చయింది. "దొర పేరు అందరికీ తెలుసు, వీళ్ల పేర్లు తెలుగు పిల్లలకి కూడా తెలీవు. నేను పరీక్షల్లో లేకపోయినా ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి" అన్నారు.

మిగతా ఊరు ఎలా చూశామో ఎక్కువ చెప్పను. దక్షిణేశ్వరం వెళ్లాం, అక్కడి నుంచి పడవలో బేలూరు మఠం. విక్టోరియా మెమోరియల్ లోపలికి వెళ్లలేదు, సాయంత్రం తోటలోంచి చూస్తే చాలనిపించింది. మైదానం పక్కనుంచి ట్రామ్ ఎక్కాం. 1873లో గుర్రాలతో మొదలైన ట్రాములు ఇప్పుడు ఒకటి రెండు దారుల్లోనే మిగిలాయి, ఉన్నప్పుడే ఎక్కడం మంచిది. పసుపుపచ్చ అంబాసిడర్ టాక్సీలు కూడా తగ్గిపోతున్నాయి. అమ్మకి గరియాహాట్‌లో కలకత్తా కాటన్ చీరలు రెండు కొన్నాను. ఎండాకాలం అమ్మకి అవి తప్ప ఒంటికి పడవు.

తిండి గురించి మాత్రం చెప్పాలి. పొద్దున కచోరీ, బంగాళాదుంప కూర. చలికాలం కాబట్టి కొత్త ఖర్జూరబెల్లం వేసిన సందేశ్. అది నోట్లో కరిగేటప్పుడు వచ్చే పొగవాసన మన తాటిబెల్లాన్ని గుర్తుచేసింది. బిర్యానీలో బంగాళాదుంప చూసి నాన్నగారు మొదట ఒప్పుకోలేదు, తిన్నాక ఇంకో ముక్క అడిగారు. న్యూమార్కెట్ దగ్గర ఒక పైస్ హోటల్‌కి, అంటే చవక భోజనశాలకి, రెండు రాత్రులు వెళ్లాం. అరిటాకు వేస్తారు, దేనికది విడిగా లెక్క, ఆకుకి కూడా. సర్వరు ఆ రోజు కూరలన్నీ పద్యం అప్పజెప్పినట్టు గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. నాన్నగారు "ఇలిష్ ఉందా?" అని అడిగారు. ఇలిష్ అంటే మన పులసే. సముద్రం నుంచి నదిలోకి ఎదురీదే చేప, గోదావరిలో ఎక్కితే పులస, హుగ్లీలో ఎక్కితే ఇలిష్. ఆ కుర్రాడు ఒక్క క్షణం ఆగి, "ఉంది, కానీ ఐస్‌లోది. ఇప్పుడు తినకండి, వానల్లో రండి. ఇవాళ పాబ్దా చేప బాగుంది" అన్నాడు హిందీలో. పుస్తెలమ్మైనా పులస తినమనే గోదావరి జిల్లాలో ఇన్నేళ్లుగా ఉంటున్న మనిషికి ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. ఆవపిండి పులుసులో పాబ్దా నిజంగానే చాలా బాగుంది.

మంగళవారం పొద్దున పార్క్ స్ట్రీట్ శ్మశానానికి వెళ్లాం. 1767లో తెరిచిన తోట అది. గోడ దాటి లోపలికి అడుగుపెడితే ఊరి చప్పుడు ఆగిపోతుంది. నాచు పట్టిన గోపురాలు, స్తంభాలు, చెట్ల వేళ్లు పట్టుకుని నిలిపిన సమాధులు. ఏషియాటిక్ సొసైటీ పెట్టిన విలియం జోన్స్ సమాధి సూదిలా ఎత్తుగా ఉంటుంది, అది తేలిగ్గానే దొరికింది. మెకంజీ 1821 మే 8న పోయాడు, ఈ పార్క్ స్ట్రీట్‌లోనే పూడ్చారని నాన్నగారు ఎప్పుడో చదివారు. రెండు గంటలు వెతికాం. చాలా పలకల మీద అక్షరాలు అరిగిపోయాయి, కొన్నిచోట్ల పలకలే లేవు. కాపలా అతను కూడా మాతో పాటు తిరిగాడు. దొరకలేదు. ఎండెక్కుతుంటే నాన్నగారు కాసేపు మెట్టు మీద కూర్చుని, "పద, రాళ్లన్నా చూద్దాం" అన్నారు.

ఇండియన్ మ్యూజియం 1814లో పుట్టింది, దేశంలో అన్నిటికంటే పాతది. మధ్యలో పెద్ద ఆవరణ, చుట్టూ తెల్లటి వరండాలు. భార్హుత్ స్తూపం ఎర్రరాతి ప్రాకారం ఒక గది నిండా నిలబెట్టారు, దానికే ఒక పూట కావాలి. మేం ఇద్దరు ముగ్గురిని అడిగి అడిగి అమరావతి శిల్పాల దగ్గరికి చేరాం.

ఎక్కువ లేవు. మద్రాసులో ఉన్నన్ని లేవు, లండన్‌లో ఉన్నన్నీ లేవు. లేత బూడిదరంగులో ఆకుపచ్చ ఛాయ, పల్నాటి సున్నపురాయి. తామరపువ్వులు, వంగి దణ్ణం పెట్టే మనుషులు, నడుము వంపు తిరిగిన ఆడవాళ్లు. మెకంజీ 1798 ప్రాంతంలో మొదటిసారి చూసినప్పుడు దిన్నె ఇంకా కొంత మిగిలే ఉందట. 1816లో మళ్లీ వచ్చేసరికి మధ్యలో చెరువు తవ్వేసి ఉంది, రాళ్లు మెట్లకీ గోడలకీ పోయాయి. మిగిలినవాటిలో కొన్నిటిని మచిలీపట్నం చేర్చారు, అక్కడి నుంచి కొన్ని ఇంత దూరం వచ్చాయి. నాన్నగారు ఇదంతా నాకు కాదు, ఆ రాతికే చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పారు. తర్వాత మాట్లాడలేదు.

చాలాసేపు అలాగే నిలబడిపోయేసరికి గార్డు దగ్గరికి వచ్చాడు. ఏదైనా ముట్టుకుంటారని అనుకున్నాడేమో. నాన్నగారు వచ్చీరాని హిందీలో, "ఇది మా ఊరి పక్క రాయి బాబూ. చూడ్డానికొచ్చాను" అన్నారు. గార్డు రాయి వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. వెళ్లి గుమ్మం దగ్గర ఉన్న తన కుర్చీ తెచ్చి ఆ శిల్పం ఎదురుగా వేశాడు. మూసే వేళ అయిందని అందరినీ పంపేదాకా నాన్నగారు అక్కడే కూర్చున్నారు.