వాళ్లకేం, విమానమే వాళ్లది!

మా తమ్ముడి సంగతి మీకు తెలిసిందే. ఒక మాట అనేసి తను హాయిగా నిద్రపోతాడు, ఆ మాట నన్ను మాత్రం నిద్రపోనివ్వదు. ఈ రోజంతా చెప్పుకోదగ్గ విశేషం లేకుండా గడిచిపోయింది కానీ, భోజనాలయ్యాక అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ ఆటగాళ్లు చార్టర్ విమానం (జట్టు కోసమే అద్దెకు తీసుకున్న విమానం) దిగుతున్న వీడియో చూసి, "వాళ్లకేం, విమానమే వాళ్లది, వట్టి విలాసం" అన్నాడు. అప్పుడు నోరు మెదపలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

2018 ఆగస్టులో ఆ లీగ్‌లోని లాస్ వేగస్ ఏసెస్ జట్టు, మామూలు ప్రయాణికుల విమానాల్లో బయలుదేరి, అవి ఆలస్యమై, రద్దయి, వాషింగ్టన్ చేరేసరికి 25 గంటలు దాటింది. మ్యాచ్‌కు కొద్ది గంటల ముందు దిగిన ఆటగాళ్లు, ఇంత అలసటతో ఆడితే గాయాలపాలవుతామని చెప్పి ఆడడానికి నిరాకరించారు. లీగ్ దాన్ని వాళ్ల ఓటమిగా లెక్క కట్టింది. ఆ సీజన్‌లో ఏసెస్ ఒక్క విజయం వెనకబడి ప్లేఆఫ్స్‌కు దూరమైంది. అంతకన్నా మండిపడేలా చేసే సంగతి మరొకటి ఉంది. 2021 సీజన్ రెండో సగంలో తన ఆటగాళ్లను చార్టర్ విమానాల్లో తిప్పినందుకు న్యూయార్క్ లిబర్టీ జట్టుకు 5 లక్షల డాలర్ల జరిమానా పడింది. అందరు యజమానులకూ ఆ స్తోమత లేదు కాబట్టి ఒకరు అలా చేస్తే అది అనుచిత ప్రయోజనమట! ఒక జట్టు ఆటగాళ్లు కంటినిండా నిద్రపోతే మిగిలిన జట్లకు అన్యాయం జరిగిందనే ఈ తర్కం ఎన్నిసార్లు తలచుకున్నా నాకు మింగుడుపడదు. పురుషుల ఎన్‌బీఏ జట్లేమో ఏళ్ల తరబడి, మ్యాచ్ ముగిసిన రాత్రే బస్సులో నేరుగా విమానం దగ్గరికి వెళ్లి, తెల్లవారేలోగా తర్వాతి ఊళ్లో పడుకుంటున్నాయి. ఆట అదనపు సమయానికి సాగినా ఆ విమానం వాళ్లకోసం ఆగుతుంది. మహిళలకు సీజన్ పొడవునా ఆ ఏర్పాటు దక్కింది 2024లో, లీగ్ రెండేళ్లకు 5 కోట్ల డాలర్లు కేటాయించాక.

ఇంతవరకూ రాసి, ఇది విలాసం కాదు, చార్టర్ ఉంటే చాలు, సమస్య తీరినట్టే అని ముగిద్దామనుకున్నాను. అంతలో షపెకొయెన్సె అనే ఫుట్‌బాల్ జట్టు గుర్తొచ్చింది, ఇక ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

2016 నవంబరులో ఆ చిన్న బ్రెజిల్ క్లబ్, దక్షిణ అమెరికా క్లబ్‌ల టోర్నీ అయిన కోపా సుదమెరికానా సెమీఫైనల్ ఆడుతోంది. ఆఖరి క్షణాల్లో గోలు ముందు నుంచి బంతి దూసుకొచ్చింది; గోల్‌కీపర్ దనీలో కుడికాలు చాచి ఆపాడు. అది లోపలికి వెళ్లి ఉంటే జట్టు ఫైనల్‌కు వెళ్లేది కాదు. ఆ దృశ్యాన్ని నేను పదే పదే చూశాను, ప్రతిసారీ ఆ బంతి లోపలికి వెళ్లిపోతే బాగుండునని కోరుకుంటూ. నవంబరు 28 రాత్రి, ఫైనల్ కోసం బొలీవియాలోని సాంతాక్రూజ్ నుంచి కొలంబియాలోని మెదెజిన్‌కు బయలుదేరిన జట్టు చార్టర్ విమానం, ఇంధనం పూర్తిగా అయిపోయి, కొండల్లో కూలింది. 77 మందిలో 71 మంది చనిపోయారు, దనీలో కూడా. ఫ్లైట్ ప్లాన్‌లో ప్రయాణ సమయం 4 గంటల 22 నిమిషాలు, విమానంలో ఉన్న ఇంధనం సరిపోయేదీ సరిగ్గా అంతే సమయానికి. పక్క విమానాశ్రయానికి మళ్లాల్సి వస్తే ఎలా, గాల్లో చక్కర్లు కొట్టాల్సి వస్తే ఎలా అన్న ఆలోచనే లేదు. ఆ విమానం నడిపిన పైలట్, దాన్ని అద్దెకిచ్చిన కంపెనీలో భాగస్వామి కూడా. బ్రెజిల్ నుంచి నేరుగా అదే కంపెనీ విమానంలో వెళ్లడానికి ఆ దేశ అధికారులు అనుమతి ఇవ్వకపోతే, జట్టు మామూలు విమానంలో సాంతాక్రూజ్ చేరి, అక్కడ దాన్ని ఎక్కింది.

కాబట్టి తమ్ముడు తప్పు, నేను మొదట రాసినదీ సగమే నిజం. మామూలు విమానానికి టైమ్‌టేబుల్ ఉంటుంది, ఏ జట్టు తొందరకూ అది లొంగదు; చార్టర్ విమానం అద్దెకు తీసుకున్నవాళ్ల తొందరకు లోబడుతుంది, ఒక్కోసారి అద్దెకిచ్చినవాడి పొదుపుకీ లోబడుతుంది. అలాగని ఆటగాళ్లు విమానాశ్రయం కుర్చీల్లో రాత్రులు గడపాలనీ అనలేను. నాకు కావలసింది, ఏ కంపెనీ విమానం, ఎంత ఇంధనం అన్నది జట్టు తరఫున తెలిసినవాళ్లు ముందే పరిశీలించడం, అధికారులు కాదన్నాక మరో దారిన అదే కంపెనీ విమానం ఎక్కించకపోవడం. ఏసెస్ ఆటగాళ్లకు తమ ఒంటి పరిస్థితి తమకు తెలుసు కాబట్టి కాదనగలిగారు. షపెకొయెన్సె కుర్రాళ్లు ట్యాంకులో ఎంత ఇంధనం ఉందో తెలియకుండానే ఎక్కి కూర్చున్నారు. కాదనగలిగినవాళ్లను లీగ్ ఓడిపోయినవాళ్ల కింద రాసుకుంది. ఆ ఓటమిని ఇప్పటికైనా రికార్డుల్లోంచి కొట్టేయాలి.