చీమలు వాన తెస్తాయా?

మా బరంపురంలో చీమలు గుడ్లు కరుచుకుని గోడెక్కాయంటే అత్తయ్య ఎండబెట్టిన వడియాలు లోపలికి తెచ్చేస్తారు. చాలాసార్లు వాన పడుతుంది కూడా. ఒకదాని వెనక ఒకటి రావడమే మనకు కనిపిస్తుంది, మధ్యలో ‘ఇది దానికి కారణం’ అనే ముడి మనసుకు పడ్డ అలవాటేనని 1748లో స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అన్నది ఇలాంటి వాటి గురించే.

నేను సగమే ఒప్పుకుంటాను. మొన్న పెరట్లో పుట్టలోకి చెంబుడు నీళ్లు పోశాను (పాపమే!). తెల్లటి గుడ్లతో చీమలు బిలబిలమంటూ పైకొచ్చేశాయి. అవి గుడ్లు కావు, చాలావరకు ప్యూపాలని (పురుగు దశ దాటి చీమగా మారుతున్న పిల్లలని) మా అబ్బాయి సవరణ. ఆకాశంలో మాత్రం మబ్బు తునక లేదు. నీళ్లు చీమల్ని కదిలిస్తాయి, చీమలు వానను తేలేవు. ఇదంతా మనసు అల్లిందే అయితే రెండు వైపులా అల్లుకోవచ్చుగా? 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను గాలికి చెట్లు కూలాయి. అదీ నా అలవాటేనంటే ఎలా?