శనివారం కుండ

మొన్న శనివారం మొదటిసారి బేక్డ్ బీన్స్ చేశాను. రాత్రంతా నానిన తెల్ల బీన్స్‌లో మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే నల్లటి చెరకు పాకం), ఆవపొడి కలిపి ఓవెన్‌లో పెట్టాను. ఆరు గంటలయినా గులకరాళ్లే! పక్కింటి పెద్దావిడ చూసి ఒకటే నవ్వు. గింజ ముందు ఉత్త నీళ్లలో మెత్తబడాలట, ఆ తర్వాతే మొలాసిస్. అందులోని పులుపు, కాల్షియం గింజను మెత్తబడనివ్వవు. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని మా అమ్మ చెప్పిందే కదా, నాకెందుకు తట్టలేదో.

ఆవిడ పూర్వీకులు కెనడాలోని క్యుబెక్ నుంచి ఇక్కడ అమెరికాలో, మసాచుసెట్స్‌లోని లోవెల్ ఊరి బట్టల మిల్లులకు వచ్చారు. ఆవిడ అమ్మమ్మ స్పిన్నింగ్‌లో, అంటే నూలు వడికే చోట, చేసేదట. శనివారం సాయంత్రం బీన్స్ కుండ పిల్లల చేత బేకరీకి పంపేది. రొట్టెలు కాల్చాక కూడా ఆ ఇటుక పొయ్యి రాత్రంతా వేడిగా ఉంటుంది కాబట్టి వీధిలోని కుండలన్నీ అందులోకే. ఎవరి కుండో తెలియడానికి మూతకు గుడ్డపీలిక. ఆదివారం చర్చి నుంచి వస్తూ తెచ్చుకునేవారు. వారమంతా మిల్లులో నిలబడ్డ మనిషికి ఆ ఒక్కపూటా పొయ్యి దగ్గర నిలబడే పని తప్పేది.

ఇది విన్నాక లోవెల్ మ్యూజియంలో చూసిన వంటిల్లు గుర్తొచ్చింది. 1830ల్లో మిల్లులో చేసేది ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలే. రోజుకు 12, 13 గంటల పని. ఉండేది కంపెనీ హాస్టళ్లలో. వాటిని నడిపిన ఆడవాళ్లలో చాలామంది వితంతువులు. మధ్యాహ్నం గంట కొట్టగానే పాతిక ముప్పై మంది పరుగున వచ్చి, తిని, మళ్లీ పరుగెత్తాలి. దానికి రొట్టె ఎన్నింటికి పొయ్యిలోకి వెళ్లాలో లెక్కేసుకోండి. మిల్లు గంట మగ్గాన్నే కాదు, పొయ్యినీ నడిపింది. 1836లో హాస్టల్ ఖర్చు పెంచితే వెయ్యిమందికి పైగా అమ్మాయిలు పని ఆపేసి వీధుల్లోకొచ్చారు. తిండి డబ్బులంటే జీతమే కదా మరి. ఈ కథ చెప్పేవాళ్లు అమ్మాయిల గురించి చెబుతారు, ఆ రొట్టెలు చేసినవాళ్ల దాకా ఎవరూ రారు. మ్యూజియంలో నేనూ మగ్గాల మోత దగ్గరే అరగంట నిలబడి, వంటింట్లో రెండు నిమిషాలు కూడా ఆగలేదు.

నిన్న ఆవిడ తన పాత కుండ ఇచ్చింది. ఈ వంటలో మామూలుగా వేసే పంది కొవ్వు వేయనంటే మొహం ముడుచుకుంది కానీ, వండిన బీన్స్ రెండుసార్లు పెట్టించుకుంది. ఇంగువ వేశానని మాత్రం నేను చెప్పలేదు.