పన్నెండు మందికి ఒక గుడిసె

అమెరికాలోని పెన్సిల్వేనియాలో, వ్యాలీ ఫోర్జ్‌లో కారు దిగగానే నాన్న అడిగిన మొదటి మాట, "యుద్ధం ఏ పక్కన జరిగిందమ్మా?" ఇక్కడ యుద్ధమే జరగలేదన్నాను. "మరి ఇంతమంది ఎలా పోయారు?"

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ సేనలు ఫిలడెల్ఫియా నగరాన్ని పట్టుకున్నాక, 1777 డిసెంబరు 19న అమెరికా సేనాధిపతి జార్జ్ వాషింగ్టన్ సుమారు 12,000 మందితో ఇక్కడ విడిది చేశాడు. శత్రువును కనిపెట్టి ఉండేంత దగ్గర, అతను హఠాత్తుగా మీద పడలేనంత దూరం. సందర్శకుల కేంద్రంలో ఈ పటాలన్నీ శ్రద్ధగా చూశాను. కానీ ఇక్కడి బతుకు నాకు అర్థమైంది మ్యూలెన్‌బర్గ్ బ్రిగేడ్ అనే సైనిక దళం గుడిసెలోకి వంగి అడుగుపెట్టాకే.

ఇవి తర్వాతి కాలంలో మళ్లీ కట్టినవే. అయినా కొలతలు వాషింగ్టన్ ఉత్తర్వులో ఉన్నవే: 14 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, 12 మంది. నాన్న అడుగులో అడుగు వేసి కొలిచారు. దుంగల సందుల్లో మెత్తిన మట్టి ఎండి నెర్రెలు విచ్చింది; వేలు పెడితే బయటి గాలి తగిలింది. ప్రతి రెజిమెంటులో అందరికంటే త్వరగా, చక్కగా కట్టిన జట్టుకు 12 డాలర్ల బహుమతి ప్రకటించారట. అరిగిన బూట్లతో, పిండి నీళ్లలో కలిపి కాల్చిన రొట్టె తిని ఈ దుంగలు మోసినవాళ్లను తలచుకుంటే కడుపు తరుక్కుపోయింది.

వీళ్లంతా మంచుకు గడ్డకట్టి పోయారని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. చనిపోయిన దాదాపు 2,000 మందిలో ఎక్కువ మంది మార్చి, ఏప్రిల్, మే నెలల్లో, ఎండ కాస్తుండగా పోయారు. టైఫస్, టైఫాయిడ్, రక్తవిరేచనాలు, ఫ్లూ. మశూచి మాత్రం ఆ స్థాయిలో విజృంభించలేదు. ఆ రోగం సోకని సైనికులకు ముందే పొక్కుల రసం ఎక్కించి, తేలికగా వచ్చిపోయేలా చేశారు. ఆ శీతకాలంలో వాషింగ్టన్ తీసుకున్న నిర్ణయాలన్నిటిలో నేను దీనికే మొదటి స్థానం ఇస్తాను. ప్రష్యా నుంచి వచ్చిన అధికారి స్టూబెన్ ఇక్కడి సైనికులకు నేర్పిన కవాతు గురించి అందరూ చెబుతారు. కవాతుకు ముందు మనిషి బతికి ఉండాలి కదా.

ఇదంతా చెబుతుంటే నాన్న వినడం లేదు. కింది పడక అర మీద చేయి ఆనించి, పైవాటిని చూస్తున్నారు. ఒకదానిపై ఒకటి మూడేసి అరలు.

"పక్కవాడికి జ్వరమొస్తే ఎటు జరుగుతాడమ్మా?" అన్నారు.