ఇంటర్‌లో మ్యాథ్స్ లేకుండా ఐసెట్, ఎంసీఏ: నా ప్రిపరేషన్

ఇంటర్‌లో నాది సీఈసీ. తర్వాత బీసీఏ చేసి, ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఎంసీఏ చదువుతున్నాను. పదో తరగతితో లెక్కలు వదిలేసిన మనలాంటివాళ్లకు అందరూ చెప్పే మాట ఒకటుంది: "మ్యాథ్స్ జోలికి పోకు, రీజనింగ్, ఇంగ్లిష్‌తో గట్టెక్కెయ్." తెలంగాణ ఐసెట్‌లో 200 ప్రశ్నలకు మ్యాథ్స్‌వి 75, క్వాలిఫై కావడానికి 50 మార్కులు చాలు, నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి గట్టెక్కడం వరకు అది నిజమే. కానీ మంచి కాలేజీలో సీటు కావాలంటే 75 ప్రశ్నలు గాలికి వదిలేయలేం.

సిలబస్‌లో మాత్రికలు (మ్యాట్రిసెస్), ద్విపద సిద్ధాంతం (బైనామియల్ థియరమ్), లిమిట్ లాంటి పేర్లు చూసి ఇదంతా ఎంపీసీ వాళ్ల వ్యవహారం అనుకుని చాలామంది భయపడతారు. 2014కు ముందు పదో తరగతి చదివినవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే అడగండి. ప్రవచనాలు (స్టేట్‌మెంట్లు, అంటే నిజమో అబద్ధమో తేల్చగల వాక్యాలు), సమితులు (సెట్స్), మాత్రికలు, ద్విపద సిద్ధాంతం వాళ్ల పదో తరగతి లెక్కల పుస్తకంలోనే ఉండేవి. మా పెదనాన్న కూతురి పాత పుస్తకం అటక మీద దొరికింది. నాకు కోచింగ్ మెటీరియల్ కంటే అదే ఎక్కువ పనికొచ్చింది. సూత్రం ఎలా వచ్చిందో అందులో మెట్టుమెట్టుగా ఉంటుంది. అది దొరకకపోయినా ఫర్వాలేదు. లాగరిథమ్స్, శ్రేఢులు (ప్రోగ్రెషన్స్), త్రికోణమితి, సంభావ్యత ఇప్పటి పదో తరగతి పుస్తకంలో ఉన్నాయి. మాత్రికలకు మాత్రం ఇంటర్ మొదటి ఏడాది మ్యాథ్స్ పుస్తకంలో ఆ చాప్టర్ మొదటి కొన్ని పేజీలు చూసుకోండి.

శాతాలు, నిష్పత్తులతో మొదలుపెట్టండి. లాభనష్టాలు, భాగస్వామ్యం, కాలం-పని, అనలిటికల్ సెక్షన్‌లోని డేటా అనాలిసిస్ అన్నీ వాటి మీదే నడుస్తాయి. డేటా సఫిషియెన్సీలో 20 ప్రశ్నలుంటాయి. ఇచ్చిన రెండు వాక్యాలు జవాబు తేల్చడానికి సరిపోతాయా లేదా అన్నదే అడుగుతారు, లెక్క పూర్తిగా చేయక్కర్లేదు. ఉదాహరణకు ఎక్స్ విలువ అడిగారు. మొదటి వాక్యం: ఎక్స్ వర్గం 25. రెండోది: ఎక్స్ సున్నా కంటే పెద్దది. మొదటిది చూడగానే 5 అని టిక్ పెట్టేస్తే తప్పు, ఎందుకంటే మైనస్ 5 వర్గం కూడా 25 కదా. రెండూ కలిస్తేనే జవాబు తేలుతుంది.

ప్రవచనాలు, వాటి సత్య పట్టికలను (ట్రూత్ టేబుల్స్) మాత్రం దయచేసి బట్టీ పట్టకండి. "వర్షం పడితే మ్యాచ్ ఆగుతుంది" అన్న మాట వర్షం పడి కూడా మ్యాచ్ ఆగనప్పుడు మాత్రమే అబద్ధమవుతుంది. అసలు వర్షమే పడకపోతే, మ్యాచ్ ఆగినా ఆగకపోయినా ఆ మాటను తప్పనలేం. ఇక్కడ ఒక రోజంతా పోయినా సరే, అర్థమయ్యే దాకా కూర్చోండి. ఎంసీఏలో చేరగానే ఎదురయ్యే డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌లో ముందు వచ్చేది ఇదే, ఆ తర్వాత సమితులు, రిలేషన్లు, ఫంక్షన్లు. డేటాబేస్ క్లాసులో టేబుల్‌ని రిలేషన్ అని ఎందుకంటారో కూడా ఈ చాప్టర్లు వస్తేనే అర్థమవుతుంది. మ్యాథ్స్ వదిలేసి సీటు తెచ్చుకున్నవాళ్లు మొదటి సెమిస్టర్‌లో ఎంత టెన్షన్ పడుతున్నారో మా క్లాసులోనే చూస్తున్నాను. ఐసెట్ కోసం పడే కష్టం అక్కడ రెండోసారి పనికొస్తుంది.

ఎన్‌ఐటీల్లో ఎంసీఏకు రాసే నిమ్‌సెట్ వేరే స్థాయి. అందులో 1000 మార్కుల్లో 600 మ్యాథ్స్‌వే, ఇంటర్ కాల్క్యులస్, వెక్టర్లు కావాలి, నెగెటివ్ మార్కులు కూడా ఉన్నాయి. ఆ కోరిక ఉంటే డిగ్రీ రెండో ఏడాదిలోనే మొదలుపెట్టండి.

బీకాం, బీఏ వాళ్లు ఫీజు కట్టే ముందు అర్హత నిబంధన ఒకటికి రెండుసార్లు చదవండి. ఎంసీఏకు ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉండాలన్న షరతు ఉండొచ్చు, ఎంబీఏకు ఉండదు. మ్యాథ్స్ లేనివాళ్లకు బ్రిడ్జ్ కోర్సు (ఆ లోటు పూడ్చే అదనపు కోర్సు) పెట్టి చేర్చుకోవచ్చని సాంకేతిక విద్యను చూసే జాతీయ మండలి ఏఐసీటీఈ చెప్పినా, మీరు రాసే ఏడాది మన రాష్ట్ర నోటిఫికేషన్‌లో ఏముందో అదే లెక్క. అనుమానం ఉంటే మార్కుల మెమోలు పట్టుకుని హెల్ప్‌లైన్ సెంటర్‌కు వెళ్లి అడగండి, కౌన్సెలింగ్ దాకా ఆగకండి.